బడి గోడ మీద ఎవరి బొమ్మలో వేసి పోయారు. రెండో గోడకు మన ముసలమ్మ కథ వేయాలంటే ఎట్లా?

చెరువుకట్ట_శీను
మాది అనంతపురం పక్కన, బుక్కరాయసముద్రం వైపు చిన్న పల్లె. పోయిన ఏడాది ఒక కంపెనీ వాళ్ళు 'మన ఊరు, మన వారసత్వం' అంటూ బడి గోడకు బొమ్మలు వేయించారు. సిటీ నుంచి నలుగురు పిల్లలు వచ్చి, ఎండలో నాలుగు రోజులు నిలబడి వేశారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, చాలా కష్టపడ్డారు. కానీ వేసింది వర్లీ బొమ్మలు. పుల్లల్లాంటి మనుషులు గుండ్రంగా చేతులు పట్టుకుని ఆడుతుంటారే, అవి. మహారాష్ట్రలో ఆ గిరిజనులకు అది వాళ్ళ పెళ్ళి, వాళ్ళ పంట, వాళ్ళ దేవత. మా గోడ మీద అది ఎవరిది? మా జేజి చూసి, "ఎవరు నాయనా వీళ్ళు, కరువులో చిక్కిపోయినోళ్ళా?" అని అడిగింది. ఆమెకు ఏం చెప్పాలో తెలియలేదు.

ఇప్పుడు రెండో గోడకు కూడా డబ్బిస్తామంటున్నారు. 60 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు. "ఏం వేయాలో ఈసారి మీరే చెప్పండి" అన్నారు. ఊర్లో కూర్చుంటే ఆడవాళ్ళు ముసలమ్మ కథ అన్నారు, పెద్దమనుషులు లేపాక్షి నంది అన్నారు, పిల్లలు క్రికెటర్లు అన్నారు. నా మనసు ముసలమ్మ మీదుంది. ఎవరిని పిలవాలి, ఎంత ఇవ్వాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ఇలాంటి పని చేసినవాళ్ళు చెప్పండి.

గుత్తి_కోట
మా దగ్గరా ఇదే కథ. ఇంత పెద్ద కోట కళ్ళ ముందు పెట్టుకుని గోడ మీద తాజ్‌మహల్ వేశారు.

పెన్నా_గట్టు
శీనన్నా, వర్లీని అంత తీసిపారేయొద్దు. అదీ మట్టి గోడల మీద పుట్టిన కళే. పిల్లలు పక్క రాష్ట్రం కళ చూస్తే తప్పేముంది? దాని పేరు 'మన వారసత్వం' అని పెట్టడమే తప్పు. 'వర్లీ, మహారాష్ట్ర' అని కింద రాసి, అది ఎవరిదో నాలుగు మాటలు రాసుంటే మీ జేజికి జవాబు దొరికేది.

చెరువుకట్ట_శీను
@పెన్నా_గట్టు ఒప్పుకుంటాను అన్నా. ఆ పలక రేపే రాయిస్తా. కానీ ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అంత దగ్గర్లో అంత కళ పెట్టుకుని మా పిల్లలకు దాని పేరు కూడా తెలియదు. నా బాధ అది.

కందనవోలు
కర్నూలు వాణ్ణి, ముసలమ్మ కథ సరిగా తెలియదు. ఎవరైనా చెప్తారా? గోడ మీద వేసేముందు మాకూ తెలియాలి కదా.

హిందూపురం_లత
నాకు మా అవ్వ చెప్పింది చెప్తాను. బుక్కరాయసముద్రం చెరువు విజయనగర కాలంది, మొదటి బుక్కరాయల నాటిది. పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేశారు. అప్పట్లో ఒక ఏడు వానలు విపరీతంగా కొట్టి చెరువు నిండింది. కట్టకు బుంగ పడింది. జనం తట్టలతో మట్టి పోస్తున్నారు, పోసింది పోసినట్టు జారిపోతోంది. కింద ఊరు, పైర్లు, పశువులు అన్నీ కొట్టుకుపోయేట్టున్నాయి. అప్పుడు బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే కట్ట నిలుస్తుందని దేవత పలికింది. ఆమె స్నానం చేసి, పసుపు కుంకుమలు పెట్టుకుని, బిడ్డను అత్త చేతిలో పెట్టి, అందరికీ చెప్పి కట్ట మీదికి నడిచింది. బుంగలో దిగింది. కట్ట నిలిచింది. ఆ చోటుని ఇప్పటికీ ముసలమ్మ కట్ట అంటారు.

పేరు విని ముసలావిడ అనుకుంటారు. కాదు, చిన్న వయసు పిల్ల. కట్టమంచి రామలింగారెడ్డి గారు కావ్యం రాసింది ఈమె మీదే.

మా అవ్వ ఈ కథ చెప్పేటప్పుడు సగం సేపు కట్ట గురించే చెప్పేది. బుంగ ముందు వేలంత ఉండి, తర్వాత చెయ్యంత, తర్వాత మనిషంత ఎలా అయ్యిందో చేతులతో చూపించేది. నాకు ఇప్పటికీ గట్టి వాన పడితే అదే గుర్తొస్తుంది.

నేత_ఇంటి_కోడలు
ధర్మవరం నుంచి. కథ బాగా చెప్పారు లతక్కా. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. అది బడి గోడ. రోజూ ఆరేడేళ్ళ ఆడపిల్లలు దాని పక్క నుంచి పోతారు. ఊరి కోసం కోడలు ప్రాణం ఇవ్వడాన్ని అంత పెద్దగా, అందంగా, పూలు చల్లి వేస్తే వాళ్ళకు ఏం నేర్పుతున్నట్టు? కట్ట తెగేటప్పుడు ఊర్లో ఇంతమంది మగవాళ్ళుంటే, దేవతకు ఎప్పుడూ కోడలే ఎందుకు కావాలి?

మా ఇంట్లో నేను కోడలినే. ఈ కథ విన్న ప్రతిసారీ నాకు దండం పెట్టాలనిపించదు, ఏడుపొస్తుంది.

హిందూపురం_లత
చెల్లీ, మీ మాట కాదనను. కానీ ఆమె చనిపోయిందని కాదు మా ఆడవాళ్ళు కొలిచేది, అందరూ వెనక్కి తగ్గినప్పుడు ఆమె నిలబడిందని. ఆ కథ తీసేస్తే ఆమెను రెండోసారి మునిగించినట్టే కదా.

నేత_ఇంటి_కోడలు
తీసేయమనలేదు అక్కా. ఎలా చెప్తున్నామన్నదే నా ప్రశ్న.

పెన్నా_గట్టు
ఇక్కడ ఒక మాట. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. చెరువు తెగితే ఆ ఏడు తిండి లేనట్టే. అందుకే ఇలాంటి కథలు చాలా చెరువుకట్టల మీద వినిపిస్తాయి. కట్ట ఎవరో ఒకరి ప్రాణంతో నిలిచిందని చెప్పుకుంటే, తర్వాతి తరం ఆ కట్టను నిర్లక్ష్యం చేయదు. బలి కథలో చెరువు మరమ్మతు పాఠం కూడా ఉంది. తూము, మరవ (చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే చోటు), నీరుగంటి, ఆయకట్టు, ఇవన్నీ గోడ మీదికి రావాలి. ఇప్పటి పిల్లలకు మరవ అంటే మరిచిపోవడమే తెలుసు.

వేరుశనగ_చేను
మా నాయన నీరుగంటి. చెరువు నీళ్ళు ఎవరి మడికి ఎంతసేపు వదలాలో చూసేవాడు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని తూము దగ్గరికి పోయేవాడు. ఆ బొమ్మ ఒకటి వేస్తే ఆ గోడకు నేను సొంతంగా రంగు కొనిస్తాను.

తెర_వెనుక
మా అమ్మ వైపు వాళ్ళు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. ఇంట్లో మేం మరాఠీ కలిసిన ఆరె మాట మాట్లాడతాం, తెర ముందు తెలుగు. శీనన్న మా ఊరు గుర్తు చేసినందుకు సంతోషం. కానీ గోడ మీద తోలుబొమ్మలు వేయిద్దామనుకుంటుంటే ముందు కొన్ని సంగతులు తెలుసుకోండి.

తోలుబొమ్మ గోడ బొమ్మ కాదు. మేక తోలును వేడినీళ్ళలో నానబెట్టి, బొచ్చు గీకి, లాగి కట్టి ఆరబెడితే వెలుతురు దాటేంత పల్చగా అవుతుంది. రంగు రెండు వైపులా వేస్తారు. ఉలితో కొట్టిన చిల్లులే నగలు, చీర అంచులు, కిరీటం రాళ్ళు. వెనక దీపం పెడితేనే అవి మెరుస్తాయి. ముందు ఆముదపు దీపాలు పెట్టేవాళ్ళు, ఇప్పుడు బల్బులు. దీపం మంట కదిలితే బొమ్మ ఊపిరి తీసినట్టుండేదని మా తాత అనేవాడు. దాన్ని ఎమల్షన్ పెయింటుతో గోడకు దించితే బొమ్మ గీత మిగులుతుంది, వెలుతురు పోతుంది.

మా దగ్గరికి చాలామంది వస్తారు. ఫోటోలు తీసుకుంటారు, ఆ డిజైన్ ఎక్కడో ప్రింటు చేయించుకుంటారు. మా వాళ్ళకు శాలువా, మెమెంటో. ఒకసారి ఒక సంస్థ వాళ్ళు మూడు రోజుల వర్క్‌షాప్ పెట్టి, మా మామకు బస్సు చార్జీ కూడా ఇవ్వలేదు. "మీకు ప్రచారం వస్తుంది కదా" అన్నారు. ప్రచారంతో బియ్యం రావు. ఆట ఆడించే ఊర్లు తగ్గిపోయి, మా వాళ్ళలో చాలామంది ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నారు. చేతిలో పని అద్భుతం. ఆట మాత్రం పాతవాళ్ళ నోట్లోనే ఉంది.

కాబట్టి నా సలహా: బొమ్మలు కాపీ కొట్టకుండా మనుషుల్ని పిలవండి. రోజుకు పెయింటర్‌కు ఎంతిస్తారో దానికి తగ్గకుండా ఇవ్వండి. మా ఆడవాళ్ళను కూడా పిలవండి. మా ఇళ్ళలో బొమ్మ ఆడించేది, పాడేది ఆడవాళ్ళు కూడా. ముసలమ్మ గొంతు వాళ్ళు పాడాలి.

కందనవోలు
@తెర_వెనుక ఇది చదివి ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు మా ఊర్లో తోలుబొమ్మలాట చూశాను. జుట్టుపోలిగాడు, బంగారక్క తిట్టుకుంటుంటే మేమంతా పడీపడీ నవ్వేవాళ్ళం, రాముడొచ్చేసరికి నిద్రపోయేవాళ్ళం.

తెర_వెనుక
అందరూ అదే చెప్తారు అన్నా. వాళ్ళిద్దరూ లేకపోతే జనం తెల్లారేదాకా కూర్చోరు. రామాయణం నడిపేది కూడా కేతిగాడు, పోలిగాడు, బంగారక్కలే అంటాడు మా మామ. వానల్లేని ఏడు ఊర్లవాళ్ళు పిలిచి మరీ ఆట పెట్టించేవాళ్ళు, విరాటపర్వం ఆడితే వాన పడుతుందని.

సున్నం_బకెట్టు
ఇరవై ఏళ్ళుగా పెయింటింగ్ పని నాది, కదిరి. కథ సంగతి మీరు చూసుకోండి, గోడ సంగతి నేను చెప్తా. గోడ పాడైతే ఏ కథా నిలవదు.

శీనన్నా, ముందు గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగుతోందా చూడండి. పొంగుతుంటే ఏ రంగూ ఆగదు. తేమ ఎక్కడి నుంచి వస్తోందో చూసి, అక్కడ మట్టి తీసి, నీళ్ళు నిలవకుండా చేయండి. పాత సున్నం మీద ఎమల్షన్ కొడితే పొరలు పొరలుగా లేస్తుంది. ఇనుప బ్రష్‌తో గీకండి, కడగండి, బాగా ఆరనివ్వండి. పగుళ్ళకు బయటి గోడల పుట్టీ, దాని మీద సిమెంట్ ప్రైమర్, ఆ తర్వాతే బొమ్మ. కొత్తగా ప్లాస్టరింగ్ చేసుంటే నెల రోజులు ముట్టుకోవద్దు.

కింద రెండు మూడు అడుగులు బొమ్మ వేయొద్దు. వాన చినుకులకు బురద చిమ్మేది అక్కడే, పిల్లలు కాళ్ళు ఆనించేది అక్కడే. మన ఇళ్ళకు వేసే ఎర్రమన్ను జాజు పట్టీ వేయండి. మన పెద్దోళ్ళు ఆ పట్టీ అందం కోసమే వేయలేదు.

గోడ పడమటి ఎండకు ఉంటే చిక్కటి గులాబీ, నిమ్మపసుపు లాంటి రంగులు రెండేళ్ళలో వెలిసిపోతాయి. ఎర్రమన్ను రంగు, గోపీ పసుపు, నలుపు, ఇవి మట్టి రంగులు, నిలుస్తాయి.

చెరువుకట్ట_శీను
గోడ పడమటిదే అన్నా. ఉప్పు కూడా పొంగుతోంది. పోయినసారి వాళ్ళు నేరుగా కొట్టేశారు, వర్లీ వాళ్ళ కాళ్ళన్నీ అప్పుడే ఊడిపోయాయి.

సున్నం_బకెట్టు
అనుకున్నా.

లేపాక్షి_అభిమాని
మీరందరూ లేపాక్షిని పక్కన పెట్టేశారు, నాకు బాధేసింది. వీరభద్రుడి గుడి కప్పు మీద ఉన్నంత బొమ్మల సంపద దక్షిణాదిలో ఎక్కడుంది? 16వ శతాబ్దంలో విరూపణ్ణ, వీరణ్ణ కట్టించారు, వాళ్ళ బొమ్మలు కూడా ఆ కప్పు మీదే ఉన్నాయి. ఆ చీరల అంచులు, జడలు, తలపాగాలు చూడండి. పెద్దమనుషులు నంది అన్నారంటే తప్పు అనలేదు.

హిందూపురం_లత
మా పక్క ఊరే, నాకు లేపాక్షి ప్రాణం. కానీ లేపాక్షి చూడాలంటే ఎవరైనా బస్సెక్కి పోయి చూడొచ్చు. మా అవ్వ కథ చూడాలంటే ఎక్కడికి పోవాలి? ఆ చీరల అంచులు తీసుకుని ముసలమ్మకు కట్టించండి, ఇద్దరికీ న్యాయం.

నేత_ఇంటి_కోడలు
ఈ మాట నచ్చింది. ధర్మవరం మగ్గాల మీద ఆ అంచులు ఎప్పటి నుంచో నేస్తున్నాం. గీతలు కావాలంటే మా మామ గ్రాఫ్ కాగితాలు పంపిస్తాను.

ఉరుము_మోత
నాది కాస్త చేదు మాట. మా పెదనాయన ఉరుములు అనే డోలు లాంటి వాయిద్యం వాయించేవాడు. అనంతపురం జిల్లాలో అమ్మవార్ల జాతరల్లో ఉరుములు మోగకపోతే పూజ మొదలయ్యేది కాదు. వాన ముందు ఆకాశం మోగినట్టు ఉంటుంది ఆ శబ్దం. మా దళిత కుటుంబాలే తరతరాలుగా వాయిస్తున్నాయి. ఇప్పుడు కళా ఉత్సవం అంటే మమ్మల్ని స్టేజీ ఎక్కిస్తారు, చప్పట్లు కొడతారు. అదే ఊర్లో అదే రోజు మాకు భోజనం విడిగా పెట్టిన చోట్లున్నాయి. మా పెదనాయన అందుకే ఒక ఊరికి పోవడం మానేశాడు.

శీనన్నా, మీ గోడ మీద ఉరుములవాళ్ళను వేస్తారేమో, సంతోషం. కానీ మీరు ఊర్లో కూర్చుని మాట్లాడారన్నారే, ఆ కూర్చున్న దాంట్లో మా వాడ వాళ్ళు ఉన్నారా?

చెరువుకట్ట_శీను
@ఉరుము_మోత లేరు అన్నా. రచ్చకట్ట దగ్గర కూర్చున్నాం. పిలవాలన్న ఆలోచనే మాకు రాలేదు. అది మా తప్పు. ఈ ఆదివారం బడిలోనే మళ్ళీ కూర్చుంటాం, ఇల్లిల్లూ పోయి పిలుస్తాను. బడి అందరిదీ.

ఉరుము_మోత
పిలవండి. వస్తారు. కట్టకు మట్టి పోసినవాళ్ళలో మా వాళ్ళూ ఉండే ఉంటారు కదా.

నార్పల_బాషా
ఉరుము అన్న మాటకు తోడు. మా దగ్గర గూగూడు కుళ్ళాయిస్వామి మొహరం చూడండి. పీర్లు ఎత్తేవాళ్ళలో, మొక్కేవాళ్ళలో హిందువులే ఎక్కువ. అగ్నిగుండం చుట్టూ ఎవరు ఎవరో తెలియదు. ఊరి కథ అంటే గుడి కథ ఒక్కటే కాదు, పీర్ల చావిడి కూడా. కట్ట తెగితే అందరి ఇళ్ళూ మునిగేవి, ఆ బొమ్మలో టోపీ పెట్టుకున్నవాడు కూడా తట్ట మోస్తూ కనపడాలి.

కడప_పిల్ల
బాషా అన్న చెప్పింది మా కడపలోనూ ఉంది. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు కొబ్బరికాయ తెచ్చుకుంటారు, వెంకటేశ్వరస్వామిని అల్లుడంటారు.

నేను వేరే సంగతి చెప్పాలని వచ్చాను. మూడేళ్ళ కింద మా బడిలో పిల్లలతో ఒక పని చేశాం. ఇంట్లో అవ్వలు పాడే దంపుడు పాటలు, తిరగలి పాటలు, కరువు పాటలు ఫోన్‌లో రికార్డు చేసి తెమ్మన్నాం. 40కి పైగా వచ్చాయి. కరువు పాటల్లో ధాత కరువు మాట వచ్చింది. 1876లో మొదలైన ఆ కరువును వాళ్ళ ముత్తవ్వలు పాటల్లో దాచుకున్నారు. పుస్తకంలో ఒక పేరా ఉంటుంది, పాటలో ఆకలి ఉంటుంది. పిల్లలు ఆ పాటలకు బొమ్మలు గీశారు. సంగటి ముద్ద కోసం గిన్నె పట్టుకుని నిలబడ్డ వరస ఒకటి మా ఐదో తరగతి పిల్లవాడు గీశాడు, ఇప్పటికీ నా దగ్గరుంది.

కానీ తర్వాత జరిగింది చెప్పాలి. ఒకాయన వచ్చి రికార్డింగులు కాపీ చేసుకుపోయాడు, పరిశోధన కోసం అన్నాడు. ఆరు నెలలకు అవి ఒక యూట్యూబ్ చానల్‌లో వచ్చాయి, వెనక కీబోర్డు సంగీతం పెట్టి. పాడిన అవ్వల పేర్లు ఎక్కడా లేవు. ఒక అవ్వ తన గొంతు తానే గుర్తుపట్టి, "నా పాట ఎవరో తీసుకున్నారే" అంది. ఆమె ముందు తలెత్తలేకపోయాను.

శీనన్నా, ముందే కాగితం రాసుకోండి. ఎవరు చెప్పారు, ఎవరు పాడారు, ఎవరికి ఇవ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు. గోడ మీద కంపెనీ పేరు ఎంత పెద్దగా ఉంటుందో, అవ్వల పేర్లు అంత పెద్దగా ఉండాలి.

గుత్తి_కోట
కంపెనీ పేరు కన్నా పెద్దగా.

కందనవోలు
కడప_పిల్ల చెప్పిన కరువు పాటలు మా వైపూ ఉన్నాయి. ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి గంజి పోయించాడు. మా అబ్బ ఆ పాట పాడేవాడు. ఉయ్యాలవాడ అంటే అందరికీ నరసింహారెడ్డే గుర్తొస్తాడు. 1847లో కోయిలకుంట్లలో ఉరి తీశారు, ఆయన గొప్పవాడే, కాదనను. కానీ కత్తి పట్టినవాడికి పది విగ్రహాలుంటే గంటె పట్టినవాడికి ఒక్క గోడైనా ఉండాలి.

ఇంకోటి. మా వైపు గొరవయ్యలున్నారు. ఎలుగుబంటి తోలు టోపీ, నల్ల కంబళి, చేతిలో డమరుకం, పిల్లనగ్రోవి. మైలారలింగడి భక్తులు. ఎప్పుడైనా పిల్లల ముందు ఆడిస్తే చూడండి, ముందు భయపడి తల్లుల వెనక దాక్కుంటారు, పది నిమిషాల తర్వాత ఆయన వెనకే గెంతుతారు. మీ గోడ ప్రారంభానికి ఎవరినైనా మంత్రిని పిలిచే బదులు ఒక గొరవయ్యను పిలవండి.

వేరుశనగ_చేను
మా దగ్గర గొరవయ్యలున్నారు, నేను మాట్లాడతాను.

పెన్నా_గట్టు
కథ, మనుషులు, గోడ, డబ్బు, పేర్లు, అన్నీ వచ్చాయి. ముసలమ్మను ఎలా వేయాలన్నది మాత్రం తేలలేదు. నేత_ఇంటి_కోడలు అడిగిన ప్రశ్నకు మనం జవాబు చెప్పలేదు.

చెరువుకట్ట_శీను
(తొమ్మిది రోజుల తర్వాత) ఆదివారం కూర్చున్నాం. 70 మందికి పైగా వచ్చారు. ఉరుము అన్నా, మీ వాడ నుంచి పదిహేడు మంది వచ్చారు. నేను నేత_ఇంటి_కోడలు రాసింది ఫోన్‌లో చదివి వినిపించాను. ముందు ఎవరూ మాట్లాడలేదు. ఒకరిద్దరు మగవాళ్ళు "దేవత కథలో తప్పులు వెతకొద్దు" అన్నారు. అప్పుడు వెనక కూర్చున్న ఒక అవ్వ, ఎనభై దాటినావిడ, లేచి నిలబడింది. "ఆమె నవ్వుతూ పోయిందని మీరంతా చెప్తారు. ఎవరు చూశారు? నేను కోడలిగా వచ్చినప్పటి నుంచి ఈ కథ వింటున్నా. ఆమె బిడ్డ వైపు తిరిగి చూసిందని మా అత్త చెప్పింది. నేను అదే నమ్ముతా" అంది.

బడి అంతా నిశ్శబ్దం.

ఆమె మాట మీదే బొమ్మ తేలింది. ముసలమ్మ కట్ట మీద నడుస్తుంటుంది, అందరికన్నా పెద్దగా, తల వెనక్కి తిప్పి బిడ్డను చూస్తుంటుంది. బుంగలో దిగే బొమ్మ వేయడం లేదు. కట్ట కింద ఊరు మొత్తం, మట్టి తట్టలతో, అందరూ తల దించుకుని. నేత_ఇంటి_కోడలు గారూ, ఆ తల దించుకోవడం మా ఆడవాళ్ళు పట్టుబట్టి పెట్టించారు.

నేత_ఇంటి_కోడలు
ఆ అవ్వకు నా దండం చెప్పండి. ఇంకేం రాయలేను ఇప్పుడు.

హిందూపురం_లత
నా అవ్వ చెప్పని మాట ఆ అవ్వ చెప్పింది. నేను కూడా ఇన్నేళ్ళూ నవ్వుతూ పోయిందనే చెప్తూ వచ్చాను.

లేపాక్షి_అభిమాని
చీర అంచు మాత్రం లేపాక్షిదే కదా?

చెరువుకట్ట_శీను
లేపాక్షిదే అన్నా. గ్రాఫ్ కాగితాలు వచ్చాయి. పెద్దమనుషులు కూడా శాంతించారు.

తెర_వెనుక
శీనన్నా, మా మామతో మాట్లాడాను. ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. గోడ మీద తోలుబొమ్మ వెలుతురు రాదన్నాను కదా. ముసలమ్మ నగల వరకు, జడ వరకు, నూనె డబ్బాల రేకు మీద ఉలితో చిల్లులు కొట్టి, గోడకు నాలుగంగుళాలు ముందుకు బిగించి, వెనక చిన్న దీపం పెడదాం అంటున్నాడు. పగలు మామూలు బొమ్మ. రాత్రి చిల్లుల్లోంచి వెలుతురు వస్తే తోలుబొమ్మలా మెరుస్తుంది. పిల్లలకు ఉలి పట్టుకోవడం ఆయనే నేర్పుతాడు. రేకు అంచులు ముందు మడత పెట్టాలి, చేతులు తెగుతాయి.

సున్నం_బకెట్టు
రేకుకు రెడాక్సైడ్ కొట్టండి, లేకపోతే మొదటి వానకే తుప్పు పట్టి ముసలమ్మ మెడ మీద మరకలు దిగుతాయి. గోడ గీకడానికి వచ్చే వారం నేనే వస్తున్నాను. బస్సు చార్జీ వద్దు.

తెర_వెనుక
చార్జీ తీసుకోండి అన్నా. మనం వద్దంటే తర్వాత వచ్చేవాళ్ళకు కూడా ఇవ్వరు.

సున్నం_బకెట్టు
నిజమే. తీసుకుంటా.

చెరువుకట్ట_శీను
(రెండు నెలల తర్వాత) గోడ అయిపోయింది. ఫోటోలు రేపు పెడతాను, ముందు చెప్పాల్సినవి చెప్తాను.

ఉప్పు పొంగడం తగ్గించడానికే మూడు వారాలు పట్టింది. గోడ వెనక పాత గుంత ఒకటి నీళ్ళు పట్టి ఉంది, దాన్ని పూడ్చాం. బొమ్మ గీతలు నిమ్మలకుంట వాళ్ళు గీశారు, రంగులు ఊరివాళ్ళం నింపాం. జాజు పట్టీ మీద మా ఆడవాళ్ళు సున్నంతో చుక్కల ముగ్గు వేశారు, అది ఎవరి ప్లానులోనూ లేదు. తూము దగ్గర లాంతరు పట్టుకుని నీరుగంటి ఉన్నాడు. వేరుశనగ అన్న వచ్చి చూసి, "మా నాయన ఎడమ చేత్తో పట్టుకునేవాడు" అన్నాడు. మార్చాం. టోపీ పెట్టుకున్నాయన తట్ట మోస్తున్నాడు. కుడి చివర ఉరుములు, ఎడమ చివర గొరవయ్య. పిల్లలు చెరువులో చేపలు వేశారు, లెక్కలేనన్ని. క్రికెటర్ కావాలన్న పిల్లవాడు తన చేపకు బ్యాటు పెట్టాడు, ఎవరూ చెరపలేదు.

కింద పేర్లు రాశాం. కథ చెప్పిన అవ్వల పేర్లు ముందు, తర్వాత బొమ్మ వేసినవాళ్ళు, తర్వాత రంగు నింపినవాళ్ళు, చివర కంపెనీ. కంపెనీ వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. ఆ ఎనభై ఏళ్ళ అవ్వను తీసుకుపోయి వాళ్ళ ముందు కూర్చోబెట్టాం. ఒప్పుకున్నారు.

పోయిన వారం మంచి వాన పడింది. బురద జాజు పట్టీ దాటలేదు. పౌర్ణమి తర్వాత వచ్చే శనివారం రాత్రి దీపాలు వెలిగిస్తాం. నిమ్మలకుంట వాళ్ళ ఆట ఉంది, ఆడవాళ్ళే పాడతారు. ఉరుములతో మొదలు. భోజనం అందరికీ ఒకే పంక్తిలో, బడి వరండాలో. సంగటి, ఊరిబిండి, పప్పు.

ఉరుము_మోత
మా పెదనాయన వస్తానన్నాడు. వాయించడానికి కాదు, భోజనానికి. తర్వాత చూద్దాం అన్నాడు.

చెరువుకట్ట_శీను
మొదటి విస్తరి ఆయనదే అన్నా.

కడప_పిల్ల
రికార్డు చేస్తారా? కాగితం రాసుకున్నారా?

చెరువుకట్ట_శీను
రాసుకున్నాం చెల్లీ. అవ్వలు వేలిముద్రలు వేశారు, ఒక కాపీ వాళ్ళ దగ్గరే ఉంది.

నేత_ఇంటి_కోడలు
ధర్మవరం నుంచి నేను, మా అత్త వస్తున్నాం. రాత్రి తిరిగి రావడానికి బస్సు ఉంటుందా?

హిందూపురం_లత
చెల్లీ, నేను కారులో వస్తున్నా, ధర్మవరం మీదుగానే. మిమ్మల్నిద్దరినీ ఎక్కించుకుంటాను. అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెడదాం, కాళ్ళకు చోటుంటుంది.